ఎల్లలు లేని సేవ – బాలల హక్కులు

పాఠ్యభాగ పరిచయం

ఆపదలో ఉన్న బాలలను ఆదుకోవడానికి స్వదేశం విడిచి వెళ్ళడం ఉన్నతమైన ఆదర్శం. అయితే ఆ సేవ బాలల హక్కులకు రక్షణగా నిలుస్తున్నదా, లేక తెలియకుండానే వాటికి భంగం కలిగిస్తున్నదా అని విచారించడం అవసరం. సేవాభావానికి వివేకం తోడుకావాలని తెలియజేయడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

దానం చేసేవారు దేశ కాల పాత్రలను ఎరిగి చేయాలని మన పెద్దలు చెప్పారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అన్న విచారణ లేని దానం మంచి మనసుతో చేసినదైనా మంచి ఫలితాన్ని ఇవ్వకపోవచ్చు. సేవకూ ఈ నియమం వర్తిస్తుంది. ముఖ్యంగా సేవ పొందేవారు తమ మంచిచెడులను తాము చెప్పుకోలేని పసివారైనప్పుడు, సేవ చేసేవారు పరాయి దేశం నుండి వచ్చినవారైనప్పుడు ఈ నియమాన్ని మరింత శ్రద్ధతో పాటించవలసి ఉంటుంది.

పరదేశపు బాలల కోసం పాటుపడినవారిలో ఎగ్లాంటైన్ జెబ్ చిరస్మరణీయురాలు. ఆమె 1876లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. బాల్కన్ యుద్ధాల వల్ల నిరాశ్రయులైన ప్రజలకు సహాయం అందించడానికి 1913లో మాసిడోనియా వెళ్ళారు. యుద్ధం ఎవరి మధ్య జరిగినా దాని భారాన్ని మోసేది నోరులేని పసివారేనని అక్కడ ఆమె కళ్ళారా చూశారు.

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ఆగిపోయినా, శత్రుదేశాలపై మిత్రరాజ్యాలు విధించిన నౌకా దిగ్బంధం వెంటనే తొలగలేదు. ఆస్ట్రియా, జర్మనీ దేశాలలో బాలలు ఆకలితో కృశించిపోసాగారు. నిన్నటి శత్రువుల బిడ్డలకు అన్నం పెట్టమని అడగడమే అపరాధంగా కనిపించిన రోజులవి. ఆకలితో అలమటిస్తున్న ఆస్ట్రియా శిశువుల చిత్రాలు ముద్రించిన కరపత్రాలను లండను నగరంలో పంచినందుకు 1919లో జెబ్‌ను నిర్బంధించి, న్యాయస్థానంలో 5 పౌండ్ల జరిమానా విధించారు. ప్రభుత్వ పక్షాన వాదించిన న్యాయవాదే ఆ మొత్తాన్ని ఆమె చేతిలో పెట్టారు. అదే ఏడాది మే నెలలో ఆమె తన సోదరి డొరొతీ బక్స్‌టన్‌తో కలిసి స్థాపించిన ‘సేవ్ ది చిల్డ్రన్’ నిధికి ఆ 5 పౌండ్లే తొలి విరాళమయ్యాయి.

జాలి ఒక్కటే చాలదని జెబ్ గ్రహించారు. సహాయం ఆవేశం మీద కాక పరిశీలన మీద, ప్రణాళిక మీద ఆధారపడాలని ఆమె అభిప్రాయం. బాలలకు అందవలసినది దయాభిక్ష కాదు, హక్కు అని ఆమె భావించారు. ఆమె రూపొందించిన 5 సూత్రాల బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి జెనీవాలో ఆమోదించింది. ఆకలిగొన్న బిడ్డకు ఆహారం, రోగగ్రస్తుడైన బిడ్డకు చికిత్స, దిక్కులేని బిడ్డకు ఆశ్రయం లభించాలనీ, ఆపదవేళ మొదటి సహాయం బాలలకే అందాలనీ, వారిని దోపిడీ నుండి కాపాడాలనీ ఆ ప్రకటన కోరింది. జెబ్ 1928లో జెనీవాలోనే కన్నుమూశారు.

ఆమె నాటిన విత్తనం తరువాతి కాలంలో వృక్షమయింది. ఐక్యరాజ్యసమితి 1959లో బాలల హక్కుల ప్రకటననూ, 1989 నవంబరు 20న 54 అధికరణలతో బాలల హక్కుల ఒడంబడికనూ ఆమోదించింది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. దీని ప్రకారం 18 సంవత్సరాల లోపువారందరూ బాలలే. బాలలకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ వారి శ్రేయస్సుకు ప్రాధాన్యం ఇవ్వాలని 3వ అధికరణ చెబుతుంది. వారి శ్రేయస్సుకు తప్పనిసరి అయితే తప్ప, తల్లిదండ్రుల నుండి వారిని వేరుచేయరాదని 9వ అధికరణ, తమకు సంబంధించిన విషయాలలో వారి మాట వినాలని 12వ అధికరణ, వారి వ్యక్తిగత జీవితంలో అనుచితంగా జోక్యం చేసుకోరాదని 16వ అధికరణ నిర్దేశిస్తున్నాయి. బాలల సేవకు పూనుకొనేవారికి ఈ అధికరణలే మార్గదర్శకాలు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో విదేశాలలో స్వచ్ఛంద సేవ ఒక వ్యవస్థగా రూపుదిద్దుకొంది. బ్రిటనులో 1958లో వి.ఎస్.ఓ., అమెరికాలో 1961లో పీస్ కోర్ ఏర్పడ్డాయి. 1970లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల విభాగాన్ని నెలకొల్పింది. ఇటువంటి సంస్థలు అభ్యర్థుల అర్హతలను పరిశీలించి, శిక్షణ ఇచ్చి పంపుతాయి. పీస్ కోర్ సేవకులు సాధారణంగా 3 నెలలు శిక్షణ పొంది, ఆ పైన రెండేళ్ళు ఒకేచోట పనిచేస్తారు. స్థానిక భాషను నేర్చుకోవడం ఆ శిక్షణలో భాగం.

విమాన ప్రయాణం సులభమయ్యాక మరొక పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. విహారయాత్రలో భాగంగా రెండు మూడు వారాలు ఏదైనా అనాథ శరణాలయంలో గడిపి, పిల్లలతో ఆడి, వారికి నాలుగు ఆంగ్ల పదాలు నేర్పి, ఫొటోలు దిగి తిరిగివెళ్ళడం ఈ పద్ధతి. ఇందుకు సొమ్ము తీసుకొని ఏర్పాట్లు చేసే సంస్థలూ పుట్టుకొచ్చాయి. వెళ్ళేవారిలో చాలామంది ఉద్దేశం మంచిదే. కాని సదుద్దేశం ఒక్కటే సత్ఫలితాన్ని ఇవ్వదని కంబోడియా అనుభవం నిరూపించింది.

కంబోడియాలో 1975 నుండి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో లక్షలాది ప్రజలు మరణించారు. అప్పట్లో నిజంగానే ఎందరో పిల్లలు అనాథలయ్యారు. తరువాత శాంతి నెలకొని, దేశం క్రమంగా కోలుకొంది. అనాథల సంఖ్య తగ్గవలసిన ఆ కాలంలో శరణాలయాల సంఖ్య పెరిగింది. 2005, 2010 సంవత్సరాల మధ్య వాటి సంఖ్య 75 శాతం పెరిగిందనీ, అక్కడి పిల్లలలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లి లేదా తండ్రి జీవించే ఉన్నారనీ ఆ దేశ ప్రభుత్వం, యూనిసెఫ్ ప్రకటించిన వివరాలు వెల్లడించాయి.

ఈ వైపరీత్యానికి కారణం సులభంగానే బోధపడుతుంది. విదేశీయులు శరణాలయాలను చూడడానికి వస్తారు. చూసి విరాళాలు ఇస్తారు. విరాళాలు రావాలంటే పిల్లలు కావాలి. అందువల్ల దళారులు పేద గ్రామాలకు వెళ్ళి, పట్నంలో మంచి చదువు, మంచి తిండి దొరుకుతాయని తల్లిదండ్రులను నమ్మించి పిల్లలను తీసుకువస్తారు. కొన్నిచోట్ల పిల్లలచేత సందర్శకుల ముందు నాట్యం చేయించారు. దయగలవారి సొమ్మే బిడ్డలను తల్లి ఒడికి దూరం చేసింది. పేదరికం తీర్చవలసిన సమస్యే కాని, బిడ్డను తల్లి నుండి వేరుచేయడానికి కారణం కారాదు. అందుకే 2011లో యూనిసెఫ్ సహకారంతో అక్కడి స్వచ్ఛంద సంస్థ ఒకటి, బాలలు పర్యాటకులకు వినోద వస్తువులు కారని చాటుతూ ప్రచారోద్యమం చేపట్టింది.

నేపాలులో అంతర్యుద్ధం 1996 నుండి 2006 వరకు సాగింది. పిల్లలను బలవంతంగా సైన్యంలో చేర్చుకొంటారన్న భయం పల్లెలను వణికించింది. ఆ భయాన్ని దళారులు ఆసరాగా తీసుకొన్నారు. మారుమూల హుమ్లా జిల్లాలోని తల్లిదండ్రుల వద్ద సొమ్ము గుంజుకొని, పిల్లలకు రక్షణ, చదువు కల్పిస్తామని చెప్పి ఖాట్మండు ప్రాంతానికి తరలించారు. 2004లో కానర్ గ్రెనన్ అనే అమెరికన్ యువకుడు ఖాట్మండు సమీపంలోని గోదావరి గ్రామంలో ఉన్న ఒక బాలల ఆశ్రమానికి స్వచ్ఛంద సేవకుడిగా వచ్చారు. అక్కడి పిల్లలు అనాథలని అందరూ అనుకొన్నారు. కొంతకాలానికి ఇద్దరు బాలుర తల్లి తన బిడ్డలను వెదుక్కొంటూ వచ్చినప్పుడు అసలు విషయం బయటపడింది. వారు అనాథలు కారు, అపహృతులు. గ్రెనన్ 2006లో పిల్లల తల్లిదండ్రులను వెదకడానికి ఒక సంస్థను స్థాపించారు. రహదారులు లేని హుమ్లా కొండలలో కాలినడకన తిరిగి, స్థానికుల సహాయంతో ఎన్నో కుటుంబాల ఆచూకీ కనుగొన్నారు. పిల్లలతో ఆడుకోవడానికి వచ్చిన సేవకుడు పిల్లలను ఇంటికి చేర్చే సేవకుడయ్యారు. విదేశీ సేవకు సరైన దిశ ఏదో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

మోసం లేని మంచి ఆశ్రమాలలో సైతం స్వల్పకాలిక సేవ వల్ల హాని కలుగుతుంది. పసిబిడ్డ తనను ఎత్తుకొన్నవారిని ఆత్మీయులుగా భావిస్తుంది. రెండు వారాలకు వారు వెళ్ళిపోతారు, మరొకరు వస్తారు, వారూ వెళ్ళిపోతారు. ఈ రాకపోకల వల్ల, ఎవరినీ నమ్మరాదన్న భావం పసి మనసులో నాటుకొంటుంది. అపరిచితులకు తలుపులు తెరిచి ఉంచిన చోట దుర్బుద్ధితో వచ్చేవారిని గుర్తించడం కష్టం. శిక్షణ పొందిన స్థానికులు చేయవలసిన పనిని శిక్షణ లేనివారు చేయడం వల్ల అటు పిల్లలకూ, ఇటు స్థానికులకూ నష్టమే.

ఈ సత్యాన్ని ప్రపంచ దేశాలు క్రమంగా గుర్తించాయి. పిల్లలకు కుటుంబమే సహజమైన ఆశ్రయమనీ, పేదరికం ఒక్కటే కారణంగా వారిని వేరుచేయరాదనీ 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. శరణాలయాల కోసం జరిగే బాలల అక్రమ రవాణాను ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘం 2017 నాటి నివేదికలో ఆధునిక బానిసత్వంలో భాగంగా చర్చించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ శరణాలయాలలో స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని తన తీర్మానంలో ప్రస్తావించింది. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా బిడ్డను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని పేర్కొంటున్నది.

సేవాపద్ధతులు కూడా ఎల్లలు దాటగలవు. ఇందుకు తెలుగునేలలోనే ఉదాహరణ ఉంది. ఆచార్య శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికులను పని మాన్పించి బడిలో చేర్పించే కృషి ప్రారంభించింది. ఆ సంస్థ పిల్లలను కుటుంబాలకు దూరం చేయలేదు. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, గ్రామ పెద్దలను, యువకులను ఒక్కతాటిపైకి తెచ్చి, బడి ఈడు పిల్లలందరూ బడిలోనే ఉండాలన్న నియమాన్ని ఊరే పెట్టుకొనేలా చేసింది. శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకొన్నారు. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఈ పద్ధతి స్ఫూర్తితో ఆఫ్రికా ఖండంలోని కొన్ని దేశాలలో స్థానిక సంస్థలు బాల కార్మికులు లేని ప్రాంతాలను రూపొందించడానికి పూనుకొన్నాయి. ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళినది ఆలోచన; పని చేసినది అక్కడివారే.

విదేశాలలో బాలల సేవకు వెళ్ళదలచిన యువత ముందుగా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పనికి తగిన విద్య, నైపుణ్యం తమకు ఉన్నాయా? స్థానిక భాష తెలుసా? పంపే సంస్థ సేవకుల గత ప్రవర్తనను పోలీసు ధ్రువపత్రం ద్వారా పరిశీలిస్తున్నదా? ఆ సంస్థ పిల్లలను కుటుంబాలకు చేరుస్తున్నదా, లేక కుటుంబాల నుండి తెస్తున్నదా? పిల్లల ఫొటోలు తీసి ప్రచురించడానికి హద్దులు విధించిందా? తాము తిరిగి వచ్చాక ఆ పని కొనసాగుతుందా? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానాలు లభించనప్పుడు వెళ్ళకపోవడమే మేలు. వెళ్ళగలిగిన వైద్యులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, సాంఘిక సేవా శాస్త్రం చదివినవారు స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇవ్వవచ్చు. కుటుంబాల ఆచూకీ తీసే పనిలో తోడ్పడవచ్చు.

స్వస్థలంలోనూ ఇదే వివేకం అవసరం. పుట్టినరోజునాడు అనాథాశ్రమానికి వెళ్ళి మిఠాయిలు పంచడం తెలుగువారిలో చాలామందికి అలవాటు. విదేశాలలో స్థిరపడినవారూ ఇటువంటి ఆశ్రమాలకు ధనం పంపుతుంటారు. ఆ ధనంలో కొంత, పేద తల్లి తన బిడ్డను తనవద్దనే ఉంచుకొని చదివించడానికి ఉపయోగపడితే, ఆ బిడ్డకు ఆశ్రమంతో అవసరమే కలగదు. బాలల సేవకు గీటురాయి సేవ చేసినవారి తృప్తి కాదు. సేవ పొందిన బిడ్డ బాగు.

అర్థాలు

ఎల్ల = సరిహద్దు
కృశించు = చిక్కిపోవు
దిగ్బంధం = అన్నివైపుల నుండి అడ్డగించడం
ఒడంబడిక = ఒప్పందం
అధికరణ = చట్టంలోని లేదా ఒడంబడికలోని విభాగం
వైపరీత్యం = విపరీత స్థితి
అపహృతులు = దొంగిలింపబడినవారు
ఉదంతం = వృత్తాంతం
గీటురాయి = బంగారం నాణ్యతను పరీక్షించే రాయి; ప్రమాణం

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బాలల హక్కుల కోసం ఎగ్లాంటైన్ జెబ్ చేసిన కృషిని వివరించండి.
2. సదుద్దేశంతో చేసిన సేవ కూడా బాలలకు ఏ విధంగా హాని కలిగించగలదో కంబోడియా, నేపాల్ అనుభవాల ఆధారంగా చర్చించండి.

ఆ. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. దయగలవారి సొమ్మే బిడ్డలను తల్లి ఒడికి దూరం చేసింది.
2. ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళినది ఆలోచన; పని చేసినది అక్కడివారే.

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నానాజాతి సమితి బాలల హక్కుల ప్రకటనను ఏ సంవత్సరంలో ఆమోదించింది?
2. బాలల హక్కుల ఒడంబడికలో ఎన్ని అధికరణలు ఉన్నాయి?
3. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలు ఎవరు?

ఈ. వ్యాకరణాంశాలు
సదుద్దేశం = సత్ + ఉద్దేశం – జశ్త్వ సంధి
ఉత్తరార్ధం = ఉత్తర + అర్ధం – సవర్ణదీర్ఘ సంధి
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం