ఇంటి ముంగిటి పూలతోట

మన ప్రాంతమున ముంగిట ఒక మల్లెపొదయైనను లేని యిల్లు అరుదు. స్థలము లేనివారు సయితము పగిలిన కుండలోనో, పాత డబ్బాలోనో బంతినారు నాటుదురు. అయినను గత సంవత్సరము నాటిన మొక్కలలో నేడెన్ని బ్రదికియున్నవని యడిగినచో, తడుముకొనక జవాబు చెప్పగలవారు కొద్దిమందియే. మేమును ఆ కోవలోనివారమే యై యుంటిమి. పోగొట్టుకొని నేర్చుకొన్న దానిని మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటకే యీ వ్యాసము.

నేల గుణము

మన పెదవేగి ఏలూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున గలదు. పూర్వము శాలంకాయనులకును, తరువాత 7వ శతాబ్దమున తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగి యిదియే. ఇది మెట్ట ప్రదేశము. నేల ఎఱ్ఱనిది, అందు ఇసుక పాలు హెచ్చు. పోసిన నీరు త్వరగా లోనికి దిగిపోవును. దానితోపాటు ఎరువులోని సారమును దిగిపోవును. ఏలూరు దాటి కొల్లేటివైపు పోయినచో నల్లని బంకమన్ను కానవచ్చును. అది నీటిని చాలదినములు పట్టియుంచును. వానకాలమున వేరులకు గాలి యాడనీయదు. ఎండకాలమున బీటలు వారును. ఒక్క పూట ప్రయాణములో రెండు విధముల నేలలున్నప్పుడు, ఒకచోటి తోటపని మఱియొకచోట అట్లే చెల్లునని తలచుట పొరపాటు.

నేలను తెలిసికొనుటకు యంత్రములతో పనిలేదు. తడిమట్టిని పిడికిట పట్టి ఉండ చేయుడు. ఉండ కట్టక విడిపోయినచో ఇసుక హెచ్చు; దానిని చేతులనడుమ నులిమినపుడు త్రాడువలె సాగినచో బంక హెచ్చు. ఇసుక నేలకు చెఱువుమట్టియు, మాగిన పశువుల ఎరువును కలుపవలెను. బంకనేలకు ఆకుల ఎరువును, కొంత ఇసుకయు కలిపి, మడిని జానెడెత్తు లేపి, నీరు పోవుటకు దారి చేయవలెను.

మేము చేసిన తప్పు

మా యింట ఒక మల్లెపొద యుండెడిది. మా తల్లిగారు తమ పుట్టింటినుండి అంటు తెచ్చి నాటుకొన్నది. వేసవి సాయంకాలములందు ఆ పూలు ఇంటిల్లిపాదికిని సరిపోయి, ఇరుగుపొరుగులకు పంచుటకును మిగులుచుండెను. ఒక యేడు పూత తగ్గెను. కొల్లేటి ప్రాంతమున మా బంధువులు వారమునకొకసారి మాత్రమే నీరు పెట్టుట చూచి, మేమును అట్లే చేసితిమి. మా యెఱ్ఱనేలలో ఆకులు వ్రేలాడబడెను. అంతట ఆత్రపడి, అంగడినుండి యూరియా తెచ్చి రెండు గుప్పెళ్లు మొదటనే కుమ్మరించితిమి. మూడవనాడు ఆకుల అంచులు మాడెను. పదిదినములలో పొద యంతయు ఎండిపోయెను.

ఇట్లేల జరిగెను? ఆవకాయకు కోసిన మామిడి ముక్కలపై ఉప్పు చల్లినచో ముక్కలలోని నీరు బయటికి ఊరుట మీరందఱు చూచియున్నారు. వేరుచుట్టు ఎరువుల లవణములు మితిమీరినపుడు వేరునకును అదే గతి పట్టును. నీటిని పీల్చుకొనవలసిన వేరు, తనలోని నీటినే పోగొట్టుకొనును. నేల పొడిగా నున్నచో ఈ కీడు ఇంకను శీఘ్రముగా జరుగును. మేము ఆకలిగొన్నదనుకొన్న మొక్క నిజమునకు దప్పిగొనియుండెను.

మా తల్లిగారు మమ్మొక్కమాటయు అనలేదు. ఎండిన కొమ్మలను తామే ఏరి పొయ్యిలో పెట్టిరి. ఆ మౌనము మాకు దండనకంటె భారమయ్యెను.

ఎరువును, నీరును

ఇంటితోటకు మాగిన ఎరువే మేలు. ఆకులు, కూరగాయల తొక్కలు, పేడ ఒక గోతిలో పొరలుగా వేసి, తడిపి, నెలకొకసారి తిరుగవేసినచో మూడు నాలుగు నెలలలో నల్లని ఎరువగును. కొల్లేటిలోను, కాలువలలోను తెంపులేక పెరుగు గుఱ్ఱపుడెక్కను కూడ ఇట్లు వినియోగింపవచ్చును. దక్షిణ అమెరికానుండి వచ్చిన యీ మొక్క నీటిని కప్పివేసి చేపలకు ఊపిరాడనీయదు. 2002వ సంవత్సరమున కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. అట్టి సరస్సునకు చేటైనది మన తోటకు ఎరువగుట మంచిదే. పూయకముందే తీసి, బాగుగా మాగబెట్టి వాడవలెను. పచ్చిది తెచ్చి నీటిగుంటలయొద్ద పడవేయరాదు.

మెట్టలో నీరు విలువైనది. బోరుబావి నీటిని వృథా చేయరాదు. బియ్యము కడిగిన నీటిని, కూరలు కడిగిన నీటిని మొక్కలకు పోయుడు. ఉదయముననే పోయుట మేలు. మొదట ఎండుటాకులుగాని కొబ్బరిపీచుగాని కప్పినచో తేమ నిలుచును. కాని కప్పు కాండమునకు అంటుకొనియుండరాదు. సెలవులలో ఊరికి పోవువారు మొక్కప్రక్కన నున్నపు పూత లేని మట్టికుండను మెడవఱకు పాతి, నీరు నింపి మూత పెట్టవలెను. నీరు కుండ గోడలనుండి మెల్లగా ఊరి కొలదిదినములు వేరులను తడుపును. ఇక కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలువనీయకుడు. అందు దోమలు పెరుగును.

పూవునకొక కాలము

మల్లె క్రొత్త చిగురునందే మొగ్గ తొడుగును. కావున కార్తికము దాటినపిమ్మట నీరు తగ్గించి, ఆకు దూసి, పుష్యమాసమున కొమ్మలను రెండు మూడడుగుల యెత్తున కత్తిరించి, ఎరువువేసి మఱల నీరు పెట్టవలెను. కత్తిరించుటకు జాలిపడువారి పొదకు ఆకు మిగులునుగాని పూవు మిగులదు.

చామంతి పూత రాత్రుల పొడవునుబట్టి యుండును. పగటి నిడివికిని పూతకును గల సంబంధమును గార్నరు, ఆలార్డు అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించిరి. వీధిదీపము వెలుగు రాత్రియంతయు పడుచోట నాటిన చామంతి మొగ్గ తొడుగుటకు ఆలసించుట అందువలననే.

బంతియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. దాని వేరులనుండి వెలువడు పదార్థము నేలలోని కంటికి కానరాని నులిపురుగులను అణచును. కనకాంబరము వేరులను ఆ పురుగులే పాడుచేయును. కాబట్టి ఒక కారు బంతిని వేసి, పిదప అచ్చటనే కనకాంబరము నాటుట తెలివిగల పని. గులాబికి దినమునకు ఆఱు గంటల యెండయైన తగులవలెను. కనకాంబరము కొంచెము నీడనైనను ఓర్చుకొనును.

పురుగులును, విషములును

మల్లెమొగ్గలు తొలువబడి ఊదావన్నెకు తిరిగినచో, వానిని ఏరి కాల్చివేయవలెను. మందారమునకు పిండినల్లి పట్టినచో సబ్బునీటితో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బుతో కలిపి చల్లవలెను. ఘాటైన విషములను ఇంటితోటకు తేరాదు. ఈ పూలు బాలికల జడలలోనికి పోవును; పసిబిడ్డలు నోటబెట్టుకొందురు; తేనెటీగలు వీనిపై వ్రాలును. గన్నేరు, పచ్చగన్నేరు అన్ని భాగములందును విషము గలవి. చిన్నబిడ్డలున్న యింట వానిని నాటకుండుటయే క్షేమము.

మొక్కలను కొనువారికి కడియపు నర్సరీలు ప్రసిద్ధములు. ఉద్యానవిద్యను పెద్దచదువుగా చదువగోరు విద్యార్థులకు తాడేపల్లిగూడెము చేరువనున్న వెంకటరామన్నగూడెమున 2007లో స్థాపింపబడిన ఉద్యాన విశ్వవిద్యాలయము గలదు.

విద్యార్థులు చేయదగిన పని

వానకాలమున మల్లెపొద క్రిందికొమ్మ నొకదానిని వంచి, కణుపుకడ బెరడు కొంచెము గీచి, ఆ భాగమును మట్టిలో పాతి పైన ఱాయి పెట్టుడు. తడి ఆఱకుండ చూచుచుండుడు. రెండు మూడు నెలలకు వేరూనిన పిదప తల్లిమొక్కనుండి కోసి, ఆ అంటును మీ యింట నాటుకొనక పొరుగువారికిండు. ఈ తుదిమాట ఎందుకు చెప్పుచున్నామో వినుడు.

మా పొద ఎండిన మఱుసటి శ్రావణమున పొరుగింటి పిన్నిగారు ఒక చిన్న మొక్కను మట్టితో సహా తెచ్చి మా తల్లిగారి చేతికిచ్చిరి. నాలుగేండ్ల క్రిందట మా తల్లిగారు అంటుత్రొక్కి ఆమెకిచ్చిన కొమ్మ వారి పెరటిలో పెరిగి పెద్దదియై యుండెను. ఇది దాని అంటు. పుట్టింటి మల్లె ఆ విధముగా మఱల మా ముంగిటికి వచ్చెను. ఈ మాఱు నీరు పోయుట మా వంతు. ఎరువు వేయుటకుముందు మట్టిని వ్రేలితో తాకి చూచుట మేము ఎన్నడును మఱువలేదు.