లెగో సెట్ల విరమణ: ఊహయు లెక్కయు

తపాలా బిళ్ళలను ఆల్బములలో దాచుకొను విద్యార్థులకు ఒక సంగతి తెలియును. తపాలా కచ్చేరిలో నిత్యము దొరకు బిళ్ళకు దానిపై అచ్చయిన వెలయే వెల. అచ్చు నిలిచిపోయి, కచ్చేరిలోని నిల్వ చెల్లిపోయిన పిమ్మట, ఆ బిళ్ళను కోరువారు మిగిలియున్నచో దాని వెల అచ్చువెలను మీఱిపోవును. ప్రాత నాణెములకును ఇదియే న్యాయము. ఇటీవలి కాలమున ఈ న్యాయమును బిడ్డల ఆటవస్తువులకు సైతము వర్తింపజేసి, పెట్టెలను విప్పకుండ దాచి, కొన్ని యేండ్లకు అమ్ముకొనువారు పెక్కు దేశములలో బయలుదేరిరి. వారు కొనువానిలో ముఖ్యమైనది డెన్మార్కు దేశపు లెగో ఇటుకల సెట్టు. ఏ సెట్టు తయారీ యెప్పుడు నిలిచిపోవునో ముందుగా నూహించుటయే వారి విద్య. ఈ విద్యలో నిజమెంత, భ్రమ యెంత యను విషయమును ఈ పాఠమున విచారింతము.

ఇటుక చరిత్రము

ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932వ సంవత్సరమున డెన్మార్కులోని బిల్లుండ్ అను చిన్న యూరిలో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. డేనిష్ భాషలో "లెగ్ గొట్" అనగా "చక్కగా ఆడుము" అని యర్థము. ఆ రెండు మాటల మొదళ్ళు కలిసి "లెగో" అను పేరయ్యెను. 1949లో ఆ కార్ఖానా ప్లాస్టిక్ ఇటుకలను చేయ మొదలిడెను. పైన బుడిపెలును, లోపల గొట్టములును గలిగి ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొను నేటి యిటుకకు 1958 జనవరి 28వ తేదీన పేటెంటు కోరబడెను.

నాడు చేసిన యిటుక నేడు చేసిన యిటుకతో ఇప్పటికిని సరిగా నతుకును. ఈ గుణము మన విషయమునకు ముఖ్యము. ప్రాతబడిన యంత్రపు బొమ్మకు విడిభాగములు దొరకవు. కొన్నాళ్ళకు అది మూలబడును. లెగో సెట్టు అట్లుగాక ముప్పది యేండ్ల తరువాతను క్రొత్త యిటుకలతో కలిసి పనికివచ్చును. చిన్ననాట దానితో ఆడుకొన్నవారు పెద్దవారై, చేతిలో ధనము కలిగి, ఆనాడు కొనలేకపోయిన సెట్టును ఇప్పుడు వెదకుచుందురు. ప్రాతసెట్టునకు వెల కట్టువారు ముఖ్యముగా వీరే.

విరమణ యన నేమి?

కంపెనీ ఒక సెట్టును చేయుట మానివేసినప్పుడు అది "రిటైరయ్యెను" అందురు. మన ఉపాధ్యాయులు పదవి విరమించుటకును ఇదే మాట వాడుదుము. అయితే ఉపాధ్యాయుని విరమణకు వయోనియమము కలదు. ఏ సంవత్సరమున, ఏ మాసమున ఆయన సెలవు గైకొనునో ముందే లెక్కింపవచ్చును. ఆటపెట్టెకు అట్టి నియమము లేదు. కంపెనీ వారు తమ సౌకర్యమును బట్టి నిర్ణయింతురు.

అసలు విరమింపజేయుట యెందులకు? కంపెనీ 2024వ సంవత్సరమున 840 రకముల సరకును అమ్మెను. అందు దాదాపు సగము ఆ యేడు క్రొత్తగా వచ్చినవే. దుకాణపు బల్లలు పరిమితములు. కార్ఖానాలోని అచ్చులును యంత్రములును పరిమితములు. క్రొత్తవి లోనికి రావలెనన్న ప్రాతవి వెలుపలికి పోక తప్పదు. ఇది చెట్టున ఆకు రాలుట వంటిదే. చెట్టు ఆకు రాల్చునని నిశ్చయముగా చెప్పవచ్చును. ఏ యాకు ఏ దినమున రాలునో చెప్పుట వేఱు.

ఊహకు ఆధారములు

విరమణ కాలము నూహించువారు సాధారణముగా ఐదు గుఱుతులను చూచెదరు.

మొదటిది వయస్సు. పెక్కు సెట్లు రెండు మూడేండ్లలో విరమించును. రెండవది ఋతువు. విరమణలలో హెచ్చు భాగము డిసెంబరు చివరను, కొంత భాగము సంవత్సరము నడుమను జరుగును. ఏలయన క్రొత్త సెట్ల రాకయు ఆ సమయములనే యుండును. మూడవది నిల్వ. కంపెనీ దుకాణమున ఒక సెట్టు మాటిమాటికి నిండుకొనుట, లేక దాని పేరు ప్రక్కన "త్వరలో విరమించును" అను గుఱుతు కనబడుట సమీప విరమణకు సూచన. నాలుగవది అనుమతి. సినిమాలను బట్టి చేయు సెట్లకు సినిమా హక్కుదారుల అనుమతి కావలెను. ఆ ఒడంబడిక తీరినచో ఆ వరుస యంతయు నొకసారి నిలిచిపోవచ్చును. ఐదవది వారసుడు. అదే వస్తువు క్రొత్త రూపమున రానున్నచో ప్రాతది తప్పుకొనును.

ఈ గుఱుతులు పనికిమాలినవి కావు. అయినను వీనికి అపవాదములు కలవు. "స్టార్ వార్స్" సినిమాలలోని డెత్ స్టార్ అను సెట్టు 2008లో వెలువడి, రెండు మూడేండ్ల నియమమును త్రోసిపుచ్చి, దాదాపు ఏడేండ్లు అంగడిలో నిలిచెను. ప్రతి సంవత్సరమును "ఇదియే దీనికి తుది సంవత్సరము" అని తలంచి కొని దాచినవారి ధనము అన్ని యేండ్లు కదలక నిలిచిపోయెను. తుదకు 2016లో దానిని చాలవఱకు పోలిన క్రొత్త డెత్ స్టార్ వచ్చెను.

దాచినవారికి లాభము కలిగెనా?

కలిగినమాట నిజము. మాస్కో నగరములోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 మొదలు 2015 వఱకు వెలువడిన 2,322 సెట్ల వెలలను పరిశీలించి, సగటున ఏటికి నూటికి 11 వంతున వెల పెరిగినదని 2022లో ప్రకటించిరి. అయితే సగటు అను మాటను విద్యార్థులు జాగ్రత్తగా చదువవలెను. తరగతి సగటు నూటికి 60 మార్కులైనంత మాత్రమున ప్రతి బాలునికిని 60 వచ్చెనని యర్థము కాదు. ఆ పరిశీలనలోనే కొన్ని సెట్లు వెలలో సగము పోగొట్టుకొనెను; కొన్ని యనేక రెట్లు పెరిగెను. మఱియు పెరుగుదల సాధారణముగా విరమించిన మఱునాడే గాక, రెండు మూడేండ్లు గడచిన పిమ్మట మొదలగునని వారే తెలిపిరి. విరమణకు ముందు ఒక యేడు, తరువాత మూడేండ్లు అనుకొన్నను, దాచినవాడు నాలుగేండ్లు ఓపిక పట్టవలెను.

తాజమహలు కథ

ఇపుడు మన దేశమునకు సంబంధించిన యుదాహరణము నొకదానిని చూతము. 2008లో లెగో కంపెనీ ఆగ్రాలోని తాజమహలును 5,922 ముక్కలతో ఒక సెట్టుగా చేసెను. అమెరికాలో దాని వెల సుమారు 300 డాలర్లు. కొలది యేండ్లకు అది విరమించెను. అటు పిమ్మట విప్పని పెట్టె వెల వేల డాలర్లకు ఎగబ్రాకెను. దాని విరమణను సరిగా నూహించి కొన్నవారు గొప్ప బుద్ధిమంతులని పేరు పొందిరి.

2017 నవంబరులో కంపెనీ ఆ తాజమహలునే మరల అచ్చువేసెను. ఈసారి ముక్కలు 5,923. వెల సుమారు 370 డాలర్లు. వేల డాలర్లకు అమ్ముదమని పెట్టెను దాచుకొన్నవారి చేతిలోని సరకు వెల వెంటనే పడిపోయెను. క్రొత్తది 370 డాలర్లకు దొరకునప్పుడు ప్రాతదానికి వేలు పోయువా రెందఱు? ముందే అమ్మినవారు లాభపడిరి. ఎగబ్రాకిన వెలకు కొని యింకను పెరుగునని నమ్మినవారు నష్టపడిరి. ఆ యేడే "మిలీనియం ఫాల్కన్" అను గొప్ప నౌక సెట్టు విషయమునను ఇట్లే జరిగెను. 2007లో 5,195 ముక్కలతో వచ్చి విరమించిన ఆ నౌక, 2017లో 7,541 ముక్కలతో పునర్జన్మ మెత్తెను. 2012లో మొదలై కొన్ని యేండ్లకే నిలిచిపోయిన "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" వరుస సైతము 2023లో మరల వచ్చెను.

దీనికి విరుద్ధముగ, 2007లో వచ్చిన "కేఫ్ కార్నర్" అను 2,056 ముక్కల వీథి మూల భవనము మరల తయారు కాలేదు. 150 డాలర్లకు మించని ఆ సెట్టు విప్పని పెట్టెగా వేల డాలర్లు పలికెను.

తాజమహలును దాచినవాడును, కేఫ్ కార్నరును దాచినవాడును విరమణను సమానముగానే సరిగా నూహించిరి. ఫలములు మాత్రము వేఱయ్యెను. ఇందువలన తేలున దేమన, ఇచట ప్రశ్నలు రెండు. "తయారీ యెప్పుడు నిలుచును?" అనునది మొదటిది. "నిలిచిన పిమ్మట మరల మొదలగునా?" అనునది రెండవది. మొదటిదానికి ఐదు గుఱుతులు కలవు. రెండవదానికి నమ్మదగిన గుఱుతు లేదు. ఆ తాళపుచెవి కంపెనీ చేతిలో నున్నది. వెల బాగుగా పెరుగుటయే, దానిని కోరువారు పెక్కండ్రు కలరని కంపెనీకి తెలియజెప్పును. కాబట్టి దాచినవాని లాభమే వాని యపాయమునకు కారణము కావచ్చును.

మఱియొక చిక్కు కలదు. విరమణ వార్త అందఱకును తెలిసినప్పుడు అందఱును కొని దాతురు. సరకు అంగళ్ళలో కొఱతపడినను అటకలమీద పుష్కలముగా నుండును. 1990 దశాబ్దమున అమెరికాలో "బీనీ బేబీలు" అను చిన్న గుడ్డబొమ్మల విషయమున నిట్లే జరిగెను. ఆ కంపెనీ ఒక్కొక్క బొమ్మను విరమింపజేయుచు జనులకు ఆత్రము పెంచెను. 1999లో ఆ యేటి డిసెంబరు 31తో బొమ్మలన్నియు నిలిచిపోవునని ప్రకటించి, పిమ్మట 2000లో మరల చేసెను. పెక్కు కుటుంబములలో పెట్టెలనిండ దాచిన బొమ్మలు తుదకు కొన్న వెలకైనను అమ్ముడుపోలేదు.

లెక్క చేసి చూతము

ఒకడు ఒక సెట్టును 10,000 రూపాయలకు కొని, నాలుగేండ్లు దాచి, 15,000 రూపాయలకు అమ్మెననుకొందము. పైపైన చూచిన లాభము 5,000 రూపాయలు. చక్రవడ్డి రీతిని ఏటికి నూటికి సుమారు 10.7. ఇపుడు ఖర్చులు తీసివేయుదము. అమ్మిపెట్టిన వానికి నూటికి 10 వంతున 1,500 రూపాయలు; కట్టకట్టి పంపుటకు 1,200 రూపాయలు. మిగిలినది 12,300 రూపాయలు. నిజలాభము 2,300, ఏటికి నూటికి సుమారు 5.3 మాత్రమే. సగము వడ్డి దారిలోనే కరగిపోయెను. పెట్టె మూల నలిగినను, చెదలు పట్టినను, వాననీరు తగిలినను వెల యింకను తగ్గును. తేమయు చెదలును గల మన యిండ్లలో అట్టపెట్టెను నాలుగేండ్లు చెక్కుచెదరక కాపాడుట యెంత కష్టమో తల్లిదండ్రులకు చెప్పనక్కఱలేదు.

అమెరికాలోని లెక్క మన దేశమునకు యథాతథముగా నతకదు. భారతప్రభుత్వము విదేశపు ఆటవస్తువులపై దిగుమతి సుంకమును 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెంచెను. అంత సుంకము చెల్లించి కొన్నవానికి కొన్న వెలయే హెచ్చు. విదేశములలో చౌకగా కొన్నవానితో పోటీపడి లాభము తీయుట దుర్లభము.

తల్లిదండ్రులకును విద్యార్థులకును

ఈ విద్య యంతయు వ్యర్థమని చెప్పుట మా యుద్దేశము కాదు. గుఱుతులు చూచి ఊహించుట, ఊహను వ్రాసిపెట్టుకొని పిమ్మట ఫలముతో సరిపోల్చుట బుద్ధికి మంచి వ్యాయామము. దానికి ధనము కూడ నక్కఱలేదు. ఒక నోటుపుస్తకము చాలును. ధనము పెట్టదలచినవారు మాత్రము మూడు నియమములను పాటింపవలెను. బిడ్డల చదువునకును, వైద్యమునకును ఉంచిన సొమ్మును ఇందు పెట్టరాదు. అప్పు తెచ్చి పెట్టరాదు. వెల పెరుగకపోయినచో పెట్టె విప్పి ఇంటిల్లిపాదియు సంతోషముగా కట్టుకొనగల సెట్టునే కొనవలెను. ఈ మూడవ నియమమును పాటించినవానికి సొమ్మంతయు వ్యర్థమైనదను విచారము కలుగదు. ఆ పెట్టె ఏ పనికై చేయబడినదో ఆ పని యెట్లును జరుగును.

అభ్యాసము

1. ఒకడు 20,000 రూపాయలకు కొన్న సెట్టును ఆఱేండ్ల పిమ్మట 36,000 రూపాయలకు అమ్మెను. అమ్మకపు రుసుము నూటికి 10. పంపుటకైన ఖర్చు 2,400 రూపాయలు. చక్రవడ్డి రీతిని ఏటికి నూటికి ఎంత వచ్చెను? (ఉత్తరము: సుమారు 7.)

2. తాజమహలు సెట్టును 2008లో కొన్నవాడును, 2016లో కొన్నవాడును 2017 నవంబరు వార్త విన్నప్పుడు ఏమేమి తలంచియుందురు? ఇరువురి స్థితిని పది వాక్యములలో పోల్చి వ్రాయుము.