ఊరు పెరిగితే దారి పెరగాలి

మనిషి బతుకుతెరువు కోసం ఎంత దూరమైనా వెళ్తాడు. కాని రోజూ వెళ్ళి రోజూ తిరిగి రావలసి వచ్చినప్పుడు ఆ దూరమే పెద్ద సమస్య అవుతుంది. ముంబై తెలుగువారి జీవితాన్ని పరిశీలిస్తే ఈ సమస్య మనకు చక్కగా అర్థమవుతుంది.

ఒకప్పుడు బొంబాయి ఏడు దీవుల సముదాయం. 18వ శతాబ్దం చివర, గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో, మహాలక్ష్మి - వర్లీల మధ్య సముద్రపు నీటికి అడ్డుకట్ట వేశారు. దానితో లోపలి పల్లపు నేలలు క్రమంగా నివాసయోగ్యమయ్యాయి. అటువంటి నేలల్లో కామాఠీపుర ఒకటి. కట్టడపు పనుల కోసం తెలుగు ప్రాంతాల నుండి, ముఖ్యంగా తెలంగాణ నుండి వచ్చిన కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. అందువల్లనే దానికి ఆ పేరు వచ్చింది. మట్టి తవ్వి, రాళ్ళు మోసి ఈ నగరాన్ని కట్టినవారిలో మనవారు కూడా ఉన్నారు.

తరువాత బట్టల మిల్లులు వెలిశాయి. నేతపని తెలిసిన పద్మశాలీలు ఎందరో వచ్చి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతాల మిల్లులలో చేరారు. 1920 దశకంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన బి.డి.డి. చాళ్ళలోను, ఇతర చాళ్ళలోను కాపురాలు పెట్టారు. కుటుంబానికి ఒకే గది, అందరికీ ఉమ్మడి వరండా. ఇల్లు ఇరుకే, కాని మిల్లు దగ్గర. మిల్లు భోంగా మోగగానే కార్మికుడు నడిచి పనికి వెళ్ళేవాడు. ప్రయాణానికి పైసా ఖర్చు లేదు, గంట వృథా లేదు.

నడవలేని దూరాలకు వాహనాలు ఉండేవి. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుండి ఠాణే వరకు, 34 కిలోమీటర్ల దూరం, మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1874లో గుర్రాలు లాగే ట్రాములు, 1907లో కరెంటు ట్రాములు, 1926లో మోటారు బస్సులు వచ్చాయి. 1925లో కరెంటు రైళ్ళు మొదలయ్యాయి. 1964 మార్చి 31న ట్రాములు ఆగిపోయాయి. ఆనాటి నుండి నగరం భారం ప్రధానంగా లోకల్ రైళ్ళ మీద, బస్సుల మీద పడింది.

1982 జనవరిలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది అందులో పాల్గొన్నారు. సమ్మె తరువాత చాలా మిల్లులు మూతపడ్డాయి. పని పోయినవారు కొందరు సొంత ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. కొందరు మరమగ్గాలున్న భీవండికి చేరారు. మరికొందరు తక్కువ ధరకు ఇల్లు దొరుకుతుందని కల్యాణ్, డోంబివిలీ, విరార్ వంటి శివార్లకు తరలిపోయారు. తాత నడిచి పనికి వెళ్ళిన ఇంట్లో, మనుమడు గంటన్నర రైలులో నిలబడి పనికి పోవలసి వచ్చింది.

జనాభా లెక్కలు ఈ మార్పును స్పష్టంగా చూపుతున్నాయి. 2001లో ముంబై నగర జిల్లాలో 33 లక్షలమందికి పైగా ఉండేవారు. 2011 నాటికి ఆ సంఖ్య 31 లక్షలకు తగ్గింది. అదే కాలంలో ఠాణే జిల్లా జనాభా 81 లక్షల నుండి 110 లక్షలకు పెరిగింది. ఇళ్ళు ఉత్తరానికి, తూర్పుకు జరిగాయి. పనులు మాత్రం ఎక్కువగా దక్షిణానే మిగిలాయి. పైగా ముంబై పొడవుగా, సన్నగా ఉన్న భూభాగం. అందుచేత ఉదయం అందరూ ఒకే దిక్కుకు పోతారు, సాయంత్రం అందరూ ఒకే దిక్కుకు తిరిగి వస్తారు. రద్దీకి మూలం ఇదే.

రవాణాను ముందుగా ఆలోచించకపోతే ఏమవుతుందో మిల్లుల ప్రాంతమే చెబుతుంది. మిల్లు భూముల్లో మూడో వంతు నగరపు ఖాళీ స్థలాలకు, మూడో వంతు ప్రజల ఇళ్ళకు ఇవ్వాలని 1991 నియమాలు చెప్పాయి. 2001లో ఆ నియమాలను సవరించి, పంపకాన్ని ఖాళీ జాగాకే పరిమితం చేశారు. మిల్లుల చోట ఎత్తైన కార్యాలయాలు లేచాయి. వేలాదిమంది కొత్త ఉద్యోగులు రోజూ రాసాగారు. స్టేషన్లో కాలివంతెన మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది. 2017 సెప్టెంబరు 29 ఉదయం, వాన కురుస్తున్న వేళ, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెనపై తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా మరణించారు. సైన్యం సాయంతో కట్టిన కొత్త వంతెన 2018 ఫిబ్రవరిలో తెరుచుకుంది. కొన్ని నెలల్లో పూర్తయ్యే వంతెన అంతమంది ప్రాణాలు పోయిన తరువాత వచ్చింది. ఆ స్టేషన్‌కు ఇప్పుడు ప్రభాదేవి అని పేరు.

ఇటువంటి ఆపదలు రాకుండా ముందుగా లెక్క వేసుకోవడమే రవాణా ప్రణాళిక. అందులో నిపుణులు నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. ఈ ప్రాంతం నుండి రోజూ ఎన్ని ప్రయాణాలు బయలుదేరతాయి? అవి ఎక్కడికి పోతాయి? నడక, బస్సు, రైలు, సొంత వాహనం - వీటిలో దేనిలో పోతాయి? ఏ దారిన పోతాయి? ఈ నాలుగింటికి నేటి లెక్క మాత్రమే చాలదు. ఇరవై ఏళ్ళ తరువాతి లెక్క కూడా కావాలి.

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఒక బస్సు రోడ్డు మీద రెండు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. అందులో 50 మంది వెళ్తారు. అదే 50 మంది కారుకు ఇద్దరు చొప్పున వెళ్తే 25 కార్లు కావాలి. కనుక ఎన్ని వాహనాలు పోతున్నాయి అని కాక, ఎంతమంది మనుషులు పోతున్నారు అని లెక్కపెట్టాలి. పైగా, దారి వెడల్పు కాగానే మరికొన్ని వాహనాలు వచ్చి చేరతాయి. కొన్నాళ్ళకు రద్దీ మొదటికి వస్తుంది.

ఇంటి దగ్గరకే పనిని తీసుకురావడం మరొక ఉపాయం. 1970లో ఏర్పడిన సిడ్కో సంస్థ నవీ ముంబైని ఈ ఉద్దేశంతోనే నిర్మించింది. దక్షిణ ముంబై టోకు మార్కెట్లను వాశికి తరలించారు. అయితే ఠాణే ఖాడీపై రోడ్డు వంతెన 1973లో తెరుచుకోగా, వాశికి రైలు 1992లో వచ్చింది. పంతొమ్మిదేళ్ళపాటు అక్కడివారు రోడ్డునే నమ్ముకోవలసి వచ్చింది.

భీవండి పరిస్థితి కూడా ఆలోచించదగినది. 2011 నాటికే ఆ నగర జనాభా 7 లక్షలు దాటింది. పద్మనగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో తెలుగు మాట వినిపిస్తుంది. అక్కడి రోడ్లపై మరమగ్గాల సరుకు, గోదాముల లారీలు, బడికి పోయే పిల్లలు అందరూ కలిసే పోవాలి. ఊళ్ళోని రైల్వే స్టేషన్ వసయి - దివా మార్గంలో ఉంది. ముంబైకి నేరుగా లోకల్ ఎక్కాలంటే రోడ్డు మీదుగా కల్యాణ్‌కో ఠాణేకో చేరుకోవాలి. ఠాణే - భీవండి - కల్యాణ్ మెట్రోకు 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది.

ముంబైలో మొదటి మెట్రో మార్గం 2014లో మొదలైంది. 33.5 కిలోమీటర్ల మూడవ మార్గం 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ వరకు పూర్తయింది. వర్లీకి, కామాఠీపురకు దగ్గరలో ఉన్న గ్రాంట్ రోడ్‌కు కూడా ఇప్పుడు భూగర్భ రైలు వచ్చింది. అయితే అక్కడి పాత కుటుంబాలు ఎన్నో అప్పటికే శివార్లకు వెళ్ళిపోయాయి. శివారుకు వెళ్ళినవారిని దారి కూడా వెంబడించాలి. వీలైతే వారికన్నా ముందే వెళ్ళాలి.

పిల్లలూ! ముంబై లోకల్ మార్గాలలో 2022, 2023, 2024 సంవత్సరాలలో ఏటా రెండు వేలమందికి పైగా మరణించారు. పట్టాలు దాటుతూ కొందరు, కిక్కిరిసిన బండి నుండి జారిపడి కొందరు చనిపోయారు. మంచి ప్రణాళిక వేయడం ప్రభుత్వం బాధ్యత. దానిని అడగడం పౌరుల హక్కు. ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా, పట్టాలు దాటకుండా వంతెన ఎక్కి పోవడం మన కర్తవ్యం. నగరాన్ని కట్టినవారి సంతతి మీరు. క్షేమంగా ఇల్లు చేరగల దారిని కోరే హక్కు మీకుంది.

ప్రశ్నలు

1. కామాఠీపురకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. చాళ్ళలో ఉన్నప్పుడు మిల్లు కార్మికులకు ప్రయాణ సమస్య ఎందుకు లేదు?
3. రవాణా నిపుణులు వేసుకొనే నాలుగు ప్రశ్నలు ఏవి?
4. "శివారుకు వెళ్ళినవారిని దారి కూడా వెంబడించాలి." ఈ వాక్యాన్ని వివరించండి.

చేసి చూడండి

పెద్దవారి తోడుతో మీ బడి దగ్గరి కూడలిలో కాలిబాట మీద నిలబడండి. పావుగంటలో ఎన్ని బస్సులు, ఎన్ని కార్లు, ఎన్ని ఆటోలు పోయాయో రాసుకోండి. వాటిలో సుమారు ఎంతమంది పోయారో లెక్కవేసి, తరగతిలో చర్చించండి.