కుక్క కాళ్ళు జారితే తప్పంతా షుగర్‌దేనా?

సందేహాలు - సమాధానాలు

సందేహం: మా ల్యాబ్రడార్‌కు పన్నెండేళ్ళు. షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ వేస్తున్నాము. ఎండాకాలం నుంచి వెనక కాళ్ళలో పట్టు లేదు. లేచేదానికి తంటాలు పడుతుంది, హాల్లో నడిస్తే కాళ్ళు చెరో పక్కకు జారిపోతాయి. మావారికి షుగర్‌తో అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. దీనికీ అదేనని ఇంట్లో అంటున్నారు. స్టెరాయిడ్ సూది వేయిస్తే లేచి తిరుగుతుందని తెలిసినవాళ్ళు చెప్పినారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: వద్దమ్మా. సూది వేస్తే నాలుగు రోజులు లేచి తిరగొచ్చు. ఈలోపు రక్తంలో షుగర్ ఎగబాకుతుంది, మీరు వేసే ఇన్సులిన్ చాలదు. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలూ వద్దు; కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పికి మెలాక్సికామ్ లాంటివి ఉన్నాయి గానీ, కిడ్నీ పరీక్ష చూసి, బరువు తూచి డాక్టరు రాయాల్సిందే.

ఇక మీవారి తిమ్మిర్ల సంగతి. షుగర్‌తో నరాలు చెడి కాళ్ళు బలహీనపడడం మనుషుల్లో, పిల్లుల్లో చూస్తాం. కుక్కల్లో చాలా అరుదు. పన్నెండేళ్ళ ల్యాబ్రడార్ అంటే నేను ముందు అనుమానించేది తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదలను, ఆ తర్వాత వెన్నెముకను. షుగర్ అదుపులో లేక తొడ కండ కరిగిపోయి ఉండొచ్చు. పొట్ట వేలాడుతూ, వీపు మీద వెంట్రుకలు పలచబడి, ఎంత ఇన్సులిన్ వేసినా షుగర్ దిగకపోతే కుషింగ్స్ జబ్బుకు పరీక్ష చేయించాలి. మన వైపు పిడుదుల జ్వరాన్నీ మరవకూడదు.

ఇంట్లోనే ఒకటి చూడండి. కుక్కను నిలబెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకు తగిలేలా పెట్టండి. వెంటనే తిప్పుకుని సరిగా నిలబడితే నరాలు చాలావరకు బాగున్నట్టే, కీళ్ళ వైపు చూడాలి. అలాగే వదిలేసిందంటే, లేదా వెనక గోళ్ళు పైవైపున అరిగి కనిపిస్తే, వెన్నుపాము దగ్గర తేడా ఉన్నట్టు. హఠాత్తుగా కాళ్ళు పడిపోయినా, మూత్రం పోయలేకపోయినా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇన్సులిన్ వేసిన కొన్ని గంటలకు తూలుతూ, వణుకుతూ ఉంటే అది కాళ్ళ జబ్బు కాదు, షుగర్ పడిపోవడం. చిగుళ్ళకు తేనె గానీ గ్లూకోజు నీళ్ళు గానీ రాసి, మింగగలిగితే అన్నం పెట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

మీరు రాయలేదు గానీ, హాల్లో పరిచినవి బేతంచెర్ల బండలో, నున్నగా పాలిష్ పట్టిన కడప బండలో అయి ఉంటాయి. ముసలి కుక్కకు వాటి మీద నడవడమంటే నూనె పోసిన నేల మీద నడిచినట్టే. జారుతుందన్న భయంతో కదలడం మానేస్తుంది, కదలక ఉన్న కండా పోతుంది. మందులకంటే ముందు ఈ నేల సంగతి చూడమంటాను. గోనెసంచులు పరవకండి, కుక్కతోపాటు అవీ జారతాయి. పశువుల కొట్టాల్లో వేసే రబ్బరు మ్యాట్లను పడక నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి వాకిలి దాకా దారిలా పరవండి. గోళ్ళు కత్తిరించి, పాదాల కింద పెరిగిన వెంట్రుకలు తీసేయండి. పాత తువ్వాలును వెనక కాళ్ళ ముందు పొట్ట కిందుగా వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడిపించండి. మగకుక్కయితే మూత్రం పోసే చోట నొక్కుకోకుండా చూసుకోండి. ఒకేసారి దూరం తిప్పకుండా రోజుకు మూడు నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు చాలు. ఎండ ఎక్కాక బయటి బండల మీదికి తేవద్దు, పాదాలు కాలతాయి. బరువెక్కి ఉంటే తగ్గించండి, కీళ్ళకూ షుగర్‌కూ అదే మేలు.

సందేహం: మనుషుల ఇన్సులిన్ కుక్కకు పని చేస్తుందా? కరెంటు పోతే మందు చెడిపోతుందని భయం. సిరంజీ ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: చేస్తుందండీ. అసలు ఇన్సులిన్ ముందు వచ్చింది కుక్కల దగ్గరికే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం తీసేసిన కుక్కలకు ఇచ్చి చూశాకే, 1922 జనవరిలో మనిషికి వేశారు. అయితే ఏ రకం, ఎన్ని యూనిట్లన్నది డాక్టరే చెప్పాలి.

సిరంజీ దగ్గర మాత్రం జాగ్రత్త. మి.లీ.కి 40 యూనిట్ల బుడ్డికి ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్ల బుడ్డికి నారింజరంగు మూతది. 100 బుడ్డి మందును ఎర్ర మూత సిరంజీలో పది గీత దాకా లాగితే పది కాదు, పాతిక యూనిట్లు ఎక్కుతాయి. ప్రాణం మీదికి వస్తుంది.

మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డ కట్టిందంటే పారేయడమే. కాసేపు కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే చాలు. గంటల తరబడి రాకపోతే, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ దించి, బుడ్డిని అందులో పెట్టి తడిగుడ్డ కప్పండి. మన పొడి గాలికి ఇది బాగా చల్లబడుతుంది. ఇక ఎన్ని యూనిట్లన్నది తేలడానికి, ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది కదా, రోజంతా రెండేసి గంటలకు షుగర్ చూసే పరీక్ష అక్కడ వీలవుతుందేమో అడగండి.

సందేహం: షుగర్ కుక్కకు అన్నం మాని రాగి సంగటి పెట్టొచ్చా? కళ్ళు కూడా తెల్లబడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, ఆదోని

సమాధానం: పెట్టొచ్చు గానీ రాగిలోనూ పిండిపదార్థమే ఉందమ్మా, దాంతో షుగర్ పోదు. సంగటైనా కొర్రన్నమైనా రోజూ అదే కొలత, అదే వేళ, పక్కన గుడ్డో కోడిమాంసమో. బెల్లం, బిస్కెట్లు మానేయండి. జైలిటాల్ కలిసిన షుగర్‌ఫ్రీ చాక్లెట్లు, చూయింగ్‌గమ్ములు కుక్కకు విషం. కళ్ళ తెలుపు శుక్లం. షుగర్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది, ఏడాదిన్నరలో వస్తుంది. చూపు తగ్గిందనుకుంటే మంచం, గిన్నెలు ఉన్నచోటే ఉంచండి. ఏ పూటైనా తినలేదంటే పూర్తి డోసు వేయకండి, ఎంత వేయాలో డాక్టరును అడిగాకే సూది పట్టుకోండి.