చర్మం ముక్కతో రిసెప్టర్ పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. రొమ్ములు ఎదిగినా పెద్దమనిషి కాలేదు. గర్భసంచి లేదు, క్రోమోజోములు ఎక్స్‌వై, టెస్టోస్టిరాన్ ఎక్కువ అన్నారు. చర్మం ముక్క తీసి రిసెప్టర్ పరీక్ష చేయించాలా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అక్కర్లేదమ్మా. మీరు రాసినదాన్నిబట్టి, హార్మోను తయారవుతున్నా దాన్ని అందుకునే రిసెప్టర్ పనిచేయడం లేదనిపిస్తోంది. పూర్వం చర్మకణాలను ల్యాబ్‌లో పెంచి, హార్మోను వాటికి అంటుకుంటోందా అని చూసేవారు. అంటుకున్నా పనిచేయని రిసెప్టర్లుంటాయి. వాటిని ఆ పరీక్ష పట్టలేదు. 1988లో ఈ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువును గుర్తించాక రక్తంతో చేసే జన్యుపరీక్షే నమ్మకమైన దారి అయింది. అందులో ఏమీ దొరక్కపోతే జబ్బు లేనట్టేనా? కాదు, ముఖ్యంగా రిసెప్టర్ కొంతవరకే పనిచేసే పాక్షిక లోపంలో చాలామందికి జన్యువులో మార్పు దొరకదు. మీది మేనరికమైతే దాన్ని నిందించుకోకండి, ఇది ఎక్స్ క్రోమోజోములోని లోపం. అయితే అది చెల్లెళ్లకూ ఉండొచ్చు కాబట్టి, వాళ్లుంటే డాక్టరుకు చెప్పండి. ఈ హార్మోను తయారుచేసే లోపలి గ్రంథుల్ని తీయించడానికి తొందరపడొద్దు, పాపకు నిజం దాచొద్దు. ఈ రిపోర్టులతో తిరుపతి స్విమ్స్ ఎండోక్రైనాలజీ విభాగానికో, వేలూరు సీఎంసీకో వెళ్లండి. గజ్జల్లో గడ్డ, నొప్పి కనిపిస్తే మాత్రం ఆ రోజే చూపించండి.