ఓవర్‌క్లాక్ చేసిన పీసీ కుతకుతలాడుతోందా? కూలర్ కొనే ముందు ఈ లెక్క చూడండి

మే నెలలో రాజాం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, గేమ్ మధ్యలో పీసీ రీస్టార్ట్ అయిపోతోంది. సంక్రాంతికి బాగానే ఉండేది కదా, ఇప్పుడు ఏటయింది దీనికి? లిక్విడ్ కూలర్ కొనేద్దునా?" అన్నాడు. వాడి దగ్గర దాచుకున్న డబ్బులు ఆరు వేలు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం అదే మెషీన్‌లో ఉంది. "ఆగరా, ముందు కొలుద్దాం" అన్నాను. ఆ వారం మేం చేసిందే ఈ పాఠం.

మెషీన్ ఏంటంటే: రైజెన్ 5 3600, ఒక 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ ఎయిర్ కూలర్. ఏదో వీడియో చూసి అన్ని కోర్లకూ 4.3 గిగాహెర్ట్జ్, 1.40 వోల్టులు పెట్టేశాడు.

1. ఎంత వేడి అయితే ఎక్కువ?

ప్రతి ప్రాసెసర్‌కీ కంపెనీ ఒక గరిష్ఠ ఉష్ణోగ్రత ఇస్తుంది. రైజెన్ 5 3600కి 95 డిగ్రీలు, రైజెన్ 7 5800ఎక్స్‌కి 90, ఇంటెల్ ఐ5-12600కేకి 100. ఆ గీత దగ్గరికి వస్తే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. అదీ చాలకపోతే మెషీన్ ఆఫ్ అవుతుంది. ఇంకో సంగతి, చల్లగా ఉన్నప్పుడు స్థిరంగా నడిచిన ఓవర్‌క్లాక్ వేడెక్కాక క్రాష్ అవ్వొచ్చు. కాబట్టి గీత దాటకుండానే రీస్టార్ట్ అయితే ఆశ్చర్యపోవద్దు.

2. గది వేడి తీసేసి చూడండి

అసలు కిటుకు ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేసి, సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. వచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేయండి. మిగిలిన తేడాయే మీ కూలర్ పనితనం.

తమ్ముడు జనవరిలో ఓవర్‌క్లాక్ చేసిన రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. అప్పుడు గది 24, ప్రాసెసర్ 79. తేడా 55. మేలో గది 36, ప్రాసెసర్ 94. తేడా 58. అంటే పెరిగిన 15 డిగ్రీల్లో 12 ఎండాకాలం తెచ్చినవే! కూలర్ తప్పు మహా అయితే మూడు డిగ్రీలు. జనవరిలో 79 చూసి "సూపర్" అనుకున్న సెట్టింగే మేలో కొంప ముంచింది.

మన ఉత్తరాంధ్ర ఉక్కపోత గురించి ఒక మాట. గాలిలో తేమ ఉంటే మన చెమట ఆరదు కాబట్టి మనకి ఇబ్బంది. హీట్‌సింక్‌కి చెమట పట్టదు, దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. అందుకని నీళ్ల కూలర్ తెచ్చి పీసీ ముందు పెట్టకండి. తేమ ఉన్న చోట అది పెద్దగా చల్లబరచదు, పైగా ఆ తడిగాలి బోర్డుకి మంచిది కాదు.

3. వేడి ఎలా ఎక్కుతోంది?

టెస్ట్ మొదలెట్టిన కొన్ని సెకన్లలోనే 90 దాటితే కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనలేదని అనుమానించాలి. స్క్రూలు వదులు, పేస్ట్ ఎండిపోవడం, కొత్త కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర తీయకపోవడం లాంటివి. లిక్విడ్ కూలర్ ఉన్నవాళ్లు పంప్ తిరుగుతోందో లేదో చూడండి. అలా కాకుండా పది నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతూ పోతే గాలి ఆడటం లేదని అర్థం. మాది రెండోదే.

4. డబ్బు ఖర్చు లేని పనులు ముందు

*దుమ్ము:* ఇల్లు పాలకొండ రోడ్డు పక్కనే, కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంక చెప్పేదేముంది! ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాడు. 94 కాస్తా 91 అయింది. తేడా మళ్లీ 55. జనవరి అంకె తిరిగొచ్చేసింది కాబట్టి పేస్ట్ జోలికి వెళ్లలేదు.

మీరు పేస్ట్ మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఏఎం4 సాకెట్‌లో కూలర్‌ని నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతోనే ఊడి వచ్చి పిన్నులు వంగిపోతాయి. ముందు పీసీని ఐదు నిమిషాలు నడిపి పేస్ట్ మెత్తబడనిచ్చి, ఆఫ్ చేసి ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా తీయండి. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు.

*కేబినెట్:* పక్క తలుపు తీసి అదే టెస్ట్ నడపమన్నాను. బాగా తగ్గింది. పీసీని కంప్యూటర్ టేబుల్ అరలోకి తోసి ఉంచాడు, వెనక గోడ. వదిలిన వేడిగాలే మళ్లీ పీల్చుకుంటోంది. అరలోంచి తీసి బయట పెట్టి, తలుపు మూసి నడిపితే 85.

5. అసలు దొంగ వోల్టేజ్

ప్రాసెసర్ తాగే కరెంటు వేగంతో సమానంగా పెరుగుతుంది, కానీ వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. అంటే వోల్టేజ్ పది శాతం పెంచితే వేడి సుమారు 21 శాతం పెరుగుతుంది. బయోస్‌లో 4.2 గిగాహెర్ట్జ్, 1.275 వోల్టులకి దించాం. లెక్క వేస్తే వేడి 19 శాతం తక్కువ. టెస్ట్‌లో 76 వచ్చింది, అదీ 36 డిగ్రీల గదిలో. సినీబెంచ్ స్కోర్ తగ్గింది రెండు శాతం చిల్లర. గేమ్‌లో తేడా వాడికే తెలియలేదు.

వోల్టేజ్ మీరు తగ్గించేటప్పుడు చిన్న చిన్న అడుగుల్లో దించండి. ప్రతిసారీ అరగంట టెస్ట్ చేయండి. క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి. ప్రతి చిప్ వేరు, మా అంకె మీకు పనిచేస్తుందని గ్యారంటీ లేదు. ఇది మొదలెట్టే ముందు ముఖ్యమైన ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మావాడు ప్రాజెక్ట్‌ని ఎక్కడా కాపీ పెట్టుకోలేదని అప్పుడే బయటపడింది, తిట్లు తిన్నాడు.

చివరిగా ఒక్క మాట. ఓవర్‌క్లాక్ సెట్ చేసేది ఎప్పుడైనా సరే, మే నెల మధ్యాహ్నం గుర్తుపెట్టుకుని చేయండి. జనవరిలో 75 దాటుతుంటే ఆ సెట్టింగ్ ఎండాకాలానికి పనికిరాదు. ఆరు వేలూ తమ్ముడి దగ్గరే ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ కొంటాడట.