మన పాల సంఘం – మన ఉమ్మడి వ్యాపారం
సభ్యుల పాఠం: సంఘం పద్దులు చదవడం, అడగడం



పొద్దున్నే పాల చెంబు పట్టుకొని సంఘం దగ్గరకు వెళ్తాం. పాలు కొలిపించి, వెన్న చూపించుకొని, చీటీ తీసుకొని ఇంటికి వస్తాం. పదిహేను రోజులకో పది రోజులకో డబ్బు చేతికో బ్యాంకు ఖాతాకో వస్తుంది. అంతటితో సంఘంతో మన పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అలా అనుకున్న ఊళ్లో సంఘానికీ పాల వ్యాపారి పెట్టిన సేకరణ కేంద్రానికీ తేడా కనిపించదు. తేడా కనిపించనప్పుడు లీటరుకు ఒక రూపాయి ఎక్కువ ఇచ్చిన వాని వైపు పాలు పోవడం సహజమే.

"ఉమ్మడి గేదె పుచ్చి చచ్చింది" అని మన పెద్దల సామెత. నలుగురి సొత్తు అయిన దానిని ఎవరూ తమదనుకోకపోతే అదే గతి. సంఘం నిజంగా సభ్యుల వ్యాపారమే. దానికి కొనుగోలు ఉంది, అమ్మకం ఉంది, ఖర్చు ఉంది, లాభనష్టాలు ఉన్నాయి. ఈ లెక్క ఎలా నడుస్తుందో, సభ్యుడు ఎక్కడ ఏమి చూడాలో, ఏమి అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పద్ధతి ఎక్కడిది?

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది కార్మికులు కలిసి ఒక సహకార దుకాణం తెరిచారు. వారిలో పలువురు నేతపనివారు. కల్తీలేని సరకు అమ్మాలి, తూకం సరిగా ఉండాలి, మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత సరకు కొన్నారో ఆ నిష్పత్తిలో పంచాలి అని నియమం పెట్టుకున్నారు. వాటా ధనం ఎక్కువ పెట్టినవానికి ఎక్కువ లాభం అన్న మామూలు వ్యాపార నీతికి ఇది భిన్నమైనది. ఈనాడు మన సంఘం సంవత్సరాంతంలో, పోసిన పాలను బట్టి ఇచ్చే బోనసు ఆ నియమం నుంచి వచ్చినదే. అక్కడ కొన్న సరకును బట్టి పంచారు, ఇక్కడ పోసిన పాలను బట్టి పంచుతున్నాం.

మన దేశంలో పాల సహకారానికి దారి చూపినది గుజరాత్‌లోని ఖేడా జిల్లా. ఆ జిల్లా పాలు బొంబాయి నగరానికి పోయేవి. కొనే హక్కు ఒక డెయిరీ చేతిలోనూ దాని దళారుల చేతిలోనూ ఉండేది. ధర వారు చెప్పినదే. సర్దార్ పటేల్ సలహాపై 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో రైతులు సమావేశమై, ఊరూరా సంఘాలు పెట్టుకోవాలని, తమ సంఘం పాలనే ప్రభుత్వం కొనాలని తీర్మానించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పదిహేను రోజులపాటు రైతులు వ్యాపారులకు పాలు పోయలేదు. చివరకు ప్రభుత్వం దిగి వచ్చింది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఏర్పడిన జిల్లా యూనియన్ 1946 డిసెంబరులో రిజిస్టరు అయింది. 1948లో రెండు ఊళ్ల సంఘాల నుంచి రోజుకు సుమారు 250 లీటర్ల పాలతో పని మొదలైంది. మరుసటి ఏడు వర్గీస్ కురియన్ అక్కడ చేరారు. ఊరిలో సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో సమాఖ్య అన్న మూడంచెల పద్ధతికి పునాది అక్కడే పడింది.

ఆ పదిహేను రోజులూ ఒక్కొక్క ఇంటికి పాల డబ్బు రాలేదు. అయినా రైతులు చీలిపోలేదు. ఖేడా సంఘాలకు మొదటి పెట్టుబడి ఆ కట్టుబాటే.

మొదటి లెక్క: పాల చీటీ

సంఘం వ్యాపారంలో అన్నిటికంటె ముఖ్యమైన పుస్తకం సభ్యుని చేతిలోని చీటీ. దానిని చదవడం నేర్చుకుందాం. లీటరు పాల బరువు సుమారు 1.03 కిలోలు. ఒక సభ్యురాలు రోజుకు 5 లీటర్ల గేదె పాలు పోస్తున్నదనుకుందాం. వాటి బరువు 5.15 కిలోలు. వెన్న 7 శాతం వస్తే, ఆ పాలలో వెన్న 0.3605 కిలోలు. లెక్క సులభంగా ఉండడానికి కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుంటే, ఆమెకు రావలసినది 288 రూపాయల 40 పైసలు. వెన్నతోపాటు వెన్న కాని ఘనపదార్థాలకు వేరుగా ధర కట్టే చోట ఆ మొత్తం కూడా ఇదే విధంగా కట్టి కలుపుకోవాలి.

ఇప్పుడు అవే పాలకు పరీక్షలో 6.8 శాతం అని పడిందనుకుందాం. ధర 280 రూపాయల 16 పైసలు అవుతుంది. రోజుకు 8 రూపాయల 24 పైసలు పోయినట్లు. నెలకు 247 రూపాయలు. ఏడాదికి మూడు వేలు దాటుతుంది. పాయింటు రెండు కదా అని వదిలేస్తే జరిగే నష్టం ఇది.

కనుక పరీక్ష దగ్గర ఈ విషయాలు గమనించాలి. నమూనా తీసేముందు పాలను బాగా కలపాలి. కలపకపోతే మీగడ పైనే ఉండి, అడుగు పాలలో వెన్న తక్కువ చూపుతుంది. ఎవరి నమూనా వారి నంబరు సీసాలోనే పడాలి. గెర్బర్ పద్ధతిలో చేస్తే ఆమ్లం, పాలు, ఆల్కహాలు సరైన కొలతలో పోయాలి, గొట్టాలను యంత్రంలో తగినంత సేపు తిప్పాలి. ఇప్పుడు చాలా కేంద్రాలలో క్షణాలలో అంకె చూపే యంత్రాలు వచ్చాయి. యంత్రం చెప్పినది వేదం అనుకోరాదు. దానిని రోజూ శుభ్రం చేయాలి, ఆవు పాలకు, గేదె పాలకు వేరువేరుగా సరిచూడాలి, అప్పుడప్పుడు గెర్బర్ పరీక్షతో పోల్చాలి. పరీక్ష సభ్యుని కంటి ముందు జరగాలి, అంకె అప్పుడే చీటీలో పడాలి. ఇది అడిగితే పరీక్షకుని అనుమానించినట్లు కాదు. నిజాయితీగా పనిచేసే పరీక్షకునికి ఇదే రక్షణ.

రెండవ లెక్క: సంఘం వెన్న, డెయిరీ వెన్న

సంఘంలో సభ్యుల పేర రాసిన వెన్న ఒక పుస్తకంలో ఉంటుంది. మన పాలు డెయిరీకి చేరాక అక్కడ పరీక్షించి మన సంఘానికి జమ కట్టిన వెన్న వేరొక కాగితంలో వస్తుంది. ఊళ్లో అమ్మిన పాల వెన్నను కలుపుకొని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక పదిహేను రోజులలో సభ్యుల పేర 315 కిలోల వెన్న రాశామనుకుందాం. అటువైపు మొత్తం 312 కిలోలు వస్తే పని సక్రమంగా జరుగుతున్నట్లు. పాత్రలకు అంటినది, కొలతలో హెచ్చుతగ్గులు సహజం. 290 మాత్రమే వస్తే ఎక్కడో కొందరికి లేని వెన్న రాస్తున్నారు, లేదా దారిలో పాలు తగ్గుతున్నాయి. 335 వస్తే? సంఘం లాభాల్లో ఉందని సంతోషించకండి. ఆ ఇరవై కిలోల వెన్న సభ్యుల చీటీలలో తగ్గించి రాసినది. అది లాభంగా పుస్తకంలో కనిపించినా, మన జేబులో నుంచి తీసినదే. అందులో కొంత తిరిగి బోనసుగా పంచితే మేలు చేసినట్లు కాదు.

మూడవ లెక్క: సంవత్సరం ఆదాయ వ్యయాలు

ఒక చిన్న సంఘం లెక్క చూద్దాం. ఈ అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, మీ సంఘం అంకెలు వేసుకొని చూసుకోండి.

సంఘానికి రోజుకు సగటున 300 లీటర్ల పాలు వస్తాయి. 280 లీటర్లు డెయిరీకి పంపుతారు, 20 లీటర్లు ఊళ్లో అమ్ముతారు. డెయిరీకి పంపిన పాలపై సంఘానికి లీటరుకు 2 రూపాయలు మిగిలితే, ఏడాదికి 2,04,400 రూపాయలు. ఊళ్లో అమ్మినవాటిపై లీటరుకు 6 రూపాయలు మిగిలితే 43,800. దాణా అమ్మకంపై 11,800. మొత్తం ఆదాయం 2,60,000 రూపాయలు.

ఖర్చులు చూస్తే, కార్యదర్శికి, పరీక్షకునికి జీతాలు 1,44,000. అద్దె, కరెంటు 24,000. పరీక్ష సామగ్రి, పుస్తకాలు 18,000. మరమ్మతులు, ఇతరములు 14,000. మొత్తం 2,00,000. నికర లాభం 60,000 రూపాయలు.

దీనిని పంచే పద్ధతి చట్టంలోనూ సంఘం బైలాలోనూ ఉంటుంది. నాలుగో వంతు, అంటే 15,000 రిజర్వు నిధికి, 9,000 వాటాలపై డివిడెండుకు, పశువైద్యం, సహకార విద్య వంటి పనులకు పోయిందనుకుందాం. మిగిలిన 36,000 పాల బోనసు. రోజుకు 5 లీటర్లు పోసిన మన సభ్యురాలు సంఘం పాలలో అరవయ్యో వంతు పోసినట్లు. ఆమెకు 600 రూపాయలు వస్తుంది.

ఈ 600ను పైన చెప్పిన మూడు వేలతో పోల్చండి. వెన్నలో రెండు పాయింట్లు పోగొట్టుకొని, ఏడాది చివర 600 బోనసు తీసుకొని చప్పట్లు కొట్టిన సభ్యుడు నష్టపోయినవాడే. రోజువారీ న్యాయమైన కొలత మొదటిది, బోనసు దాని తరువాతిది.

ఎండకాలం పరీక్ష

ఎండలు ముదిరితే పాలు తగ్గుతాయి. పట్టణంలో గిరాకీ పెరుగుతుంది. అప్పుడు వ్యాపారి ఊళ్లోకి వచ్చి లీటరుకు 3 రూపాయలు ఎక్కువ ఇస్తానంటాడు. వంద రోజులు, 5 లీటర్లు – 1,500 రూపాయలు. చిన్న మొత్తం కాదు. పిల్లల ఫీజులు, అప్పులు ఉన్న ఇంట్లో ఆ డబ్బుకు విలువ ఉంది. దానిని మేము తీసిపారేయడం లేదు.

కాని రెండవ వైపు లెక్క కూడా చూడాలి. పై సంఘానికే పాలు సగటున 300 నుంచి 200 లీటర్లకు పడిపోయాయనుకుందాం. డెయిరీకి పంపేది 180 లీటర్లు. ఆదాయం 1,31,400, దానికి ఊళ్లో అమ్మకం, దాణా కలిపితే 1,87,000. ఖర్చు మాత్రం అంతగా తగ్గదు. జీతం అదే, అద్దె అదే. పరీక్ష సామగ్రిలో 6,000 తగ్గి 1,94,000 అవుతుంది. అరవై వేల లాభం పోయి 7,000 నష్టం వచ్చింది! పాలు మూడో వంతే తగ్గాయి, లాభం మొత్తం పోయింది. ఇలా రెండు మూడేళ్లు గడిస్తే జీతం ఇవ్వలేక కార్యదర్శి మానేస్తాడు, పరీక్ష పడకేస్తుంది, సంఘానికి తాళం పడుతుంది.

తాళం పడ్డ తరువాత చలికాలంలో పాలు పొంగినప్పుడు వ్యాపారి 4 రూపాయలు తగ్గిస్తే ఎవరితో పోల్చి అడుగుతాం? 150 రోజులకు 5 లీటర్లపై 3,000 పోతుంది. సంఘం ఉన్నంతకాలమే వ్యాపారి కూడా మంచి ధర ఇస్తాడు.

అయితే ఇందులో పాలకవర్గం బాధ్యత కూడా ఉంది. ఎండకాలం ధర నిజంగా తక్కువగా ఉంటే, సభ్యులను నిందించి లాభం లేదు. చుట్టుపక్కల ధరలు రాసుకొని, తీర్మానం చేసి యూనియన్ ముందు పెట్టాలి. బట్వాడా ఆలస్యం కానీయరాదు. ధర కంటె ఆలస్యమే సభ్యుని ఎక్కువగా దూరం చేస్తుంది.

పాడి చేసేవారే సభ్యులు కావాలి

గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఎక్కువ ఇళ్లలో స్త్రీలే. సభ్యత్వం మాత్రం చాలా చోట్ల మగవారి పేర ఉంటుంది. చీటీలో తేడా ముందు కనిపెట్టేది ఆమె, సమావేశంలో అడిగే హక్కు మాత్రం ఆమెకు లేదు. ఇది సంఘానికే నష్టం.

తెలంగాణలోని ముల్కనూరు దీనికి మంచి ఉదాహరణ. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఆ ఊళ్లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి నాయకత్వాన 1956లో సహకార సంఘం ఏర్పడింది. అప్పు ఇవ్వడంతో ఆగక, ఎరువులు, విత్తనాలు అందించి, సభ్యుల పంటను కొని అమ్మిపెట్టే వ్యాపారసంస్థగా పెరిగింది. ఆ ప్రాంతంలోనే 2002లో మహిళల పాల సహకార డెయిరీ పని మొదలుపెట్టింది. పాలు పోసేవారూ, పాలకవర్గంలో కూర్చునేవారూ స్త్రీలే. పద్దులు చదవడం పెద్ద చదువులు చదివినవారి పని అనుకొనేవారికి ఆ డెయిరీయే సమాధానం.

సర్వసభ్య సమావేశంలో

సంఘానికి యజమాని సర్వసభ్య సమావేశం. ఎవరికి ఎన్ని గేదెలున్నా ఓటు ఒక్కటే. సంతకం పెట్టి టీ తాగి రావడానికి కాదు ఆ సమావేశం. వెళ్లేముందు ఏడాది చీటీలు కూడి పెట్టుకోండి. అక్కడ ఈ ప్రశ్నలు అడగండి:

1. ఈ ఏడాది సభ్యులు పోసిన పాలు ఎన్ని లీటర్లు? డెయిరీకి పంపినవి, ఊళ్లో అమ్మినవి ఎన్ని?
2. సభ్యుల పేర రాసిన వెన్నకు, డెయిరీ జమ కట్టిన వెన్నకు తేడా ఎంత? కారణం ఏమిటి?
3. బట్వాడా ఎన్నిసార్లు ఆలస్యమైంది? ఎందుకు?
4. రిజర్వు నిధి ఎంత? ఎక్కడ ఉంది?
5. సంఘానికి రావలసిన బాకీలు ఎవరి దగ్గర ఉన్నాయి? దాణా అప్పులు వసూలయ్యాయా?
6. ఆడిటు నివేదికలో చూపిన లోపాలు ఏమిటి? సరిదిద్దారా?
7. బోనసు ఏ లెక్కన పంచారు? నా పాలకు నాకు రావలసినది ఎంత?

కార్యదర్శులకు మా మనవి: ఈ పాఠాన్ని పాలు పోసే వేళ ఒకరిచేత చదివించండి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులను పదిహేను రోజులకొకసారి సంఘం గోడపై బోర్డు మీద రాయండి. లెక్క గోడమీద కనిపించే సంఘంలో పుకారుకు చోటు ఉండదు, వ్యాపారి మాటకు అంత బలమూ ఉండదు.